ఐదో పాటలో చప్పుడు

అమ్మకు,

పెద్దవాడు నమస్కరించి రాస్తున్నది. నేను, నీ కోడలు, పిల్ల కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గుముఖం పట్టిందని తలుస్తాను. అందరం క్షేమమని ఒక్క మాటలో ముగించవలసిన వాక్యాన్ని ఈసారి విడదీశాను. మన చిన్నది, చెల్లి సంగతి వేరుగా రాయవలసి ఉంది.

నీ ఉత్తరంలోని ప్రశ్నలను అలవాటు ప్రకారం ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. జవాబులు మాత్రం ఆ వరుసలో రావు. సీడీ ప్లేయర్ గురించి నువ్వు రెండుసార్లు అడిగావు, అది చివర చెబుతాను.

"చిన్నదాని సీడీ రోజూ పెట్టుకుంటున్నాను గానీ, పాటకన్నా జనం గోలే ఎక్కువగా ఉంది. డబ్బులు పోసి టికెట్లు కొన్నవాళ్ళు నోరు మూసుకుని వినొచ్చు కదా" అన్నావు. నీ కోడలు అది చదివి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కచేరీ జరుగుతుండగా రికార్డు చేసిన ఆల్బమ్ కాబట్టి ఆ గోల ఉండాలమ్మా. హాలు పైకప్పు నుంచి వేలాడదీసిన మైకులతో జనం అరుపులను వేరుగా పట్టి, తర్వాత గదిలో కూర్చుని పాళ్ళు చూసి పాటలో కలుపుతాను. నేను తక్కువే కలిపాను. "పెంచు గురూ, చావింట్లో పాడినట్టుంది" అని కంపెనీ యజమాని నా భుజం చరిచి మరీ పెంచించాడు.

చిన్నది తింటోందా అని అడిగావు. తింటోంది. చాలాసేపు తింటోంది. "నాలుగు ముక్కలు తన చేత్తో రాయడానికి తీరిక లేనంత పెద్దదైపోయిందా" అని కూడా అడిగావు. తీరిక లేక కాదు.

కచేరీ రోజు ఐదో పాట సగంలో చిన్నది గిటారు వాయించడం ఆపేసింది. "ఇవాళ నా గిటారు అలిగింది, మీరే పాడండి" అంటూ మైకు జనం వైపు తిప్పింది. హాలంతా ఒక్క గొంతై పాడింది. ఆల్బమ్ మొత్తానికి ప్రాణం అక్కడే ఉందని తర్వాత పత్రికలు రాశాయి. "భలే ఎత్తు వేశావు తల్లీ, ప్రతి ఊళ్ళోనూ అక్కడే ఆపు" అని యజమాని మెచ్చుకున్నాడు. అది నవ్వి ఊరుకుంది.

కచేరీ అయిన మరుసటి వారం నా దగ్గరకొచ్చింది. తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది కదా, దాన్ని చూపించి, "ఇవి మరీ నున్నగా వస్తున్నాయన్నయ్యా, వేళ్ళలో నిలవట్లేదు. కాస్త గరుకు చేసిపెట్టవూ?" అంది. గరుకు కాగితాన్ని చిన్నగా కత్తిరించి బిళ్ళకు అంటిస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి ఆగిపోయింది.

కుట్టుబల్ల దగ్గర నాన్న కత్తెర పిడికి నువ్వు పాత గుడ్డ చుట్టిన సాయంత్రం గుర్తొచ్చింది. "పిడి నున్నబడిపోయిందే, జారిపోతోంది" అన్నాడు నాన్న. ఆయన జబ్బు అలాగే మొదలైంది. అప్పటికి చిన్నదానికి రెండేళ్ళు నిండలేదు. ఆ మాట దానికి తెలిసే అవకాశం లేదు.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు నాన్న గురించి అడిగారు. చెప్పాను. ఆయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ చెప్పారు. అదే జబ్బు అమ్మా.

బయటికొచ్చాక బస్టాపులో చిన్నది అడిగింది. "నాన్నకు మాట కూడా పోయిందా?"

"చివర్లో."

"ముందు చేతులు, తర్వాత గొంతు. నీ జాబితాలాగే ఉందన్నయ్యా, వరుస తప్పదు."

అది నా చొక్కా గుండీ సవరించబోయి, వేళ్ళు సహకరించక, చేతిని జేబులో పెట్టుకుంది.

అప్పటికి ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు. ఐదో పాటలో గిటారు ఆగిన చోట సాధన నాటి వాయింపును తెచ్చి అతికించి ఉంచాను. అతుకు నాకే కనిపించనంత శుభ్రంగా కుదిరింది. దాన్ని విని చిన్నది చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేసింది.

"తీసెయ్. అది నా పాత చెయ్యి."

"లోపం అలాగే వినబడిపోతుంది కదే."

"వినబడనీ. అమ్మ పోల్చుకుంటుంది. నోరు తెరిచి చెప్పడం నా వల్ల కాదన్నయ్యా."

తీసేశాను. అది ఎలా జరిగిందో అలాగే నీకు పంపాను.

నువ్వు వెంటనే బయలుదేరి రా. జడ వేసుకోవడం దానికి కష్టమవుతోంది. నీ కోడలు వేస్తానంటే ఒప్పుకోదు, నువ్వు వేస్తే కాదనదు. పాటలు పాడగలిగినన్నాళ్ళు పాడతానంటోంది. గిటారుకు వేరే మనిషిని వెతుకుతున్నాం.

ఇక ప్లేయర్ సంగతి. ఐదో పాట నడుమ టక్కుమని చప్పుడై గిటారు ఆగిపోతోంది, రిపేరుకు ఇవ్వనా అని అడిగావు. బిళ్ళ దాని వేళ్ళలోంచి జారి గిటారు చెక్కకు తగిలిన చప్పుడమ్మా అది. ఒకే ప్రశ్న రెండుసార్లు రాశావంటే నీకు అర్థమయ్యే ఉంటుంది.

రిపేరుకు ఇవ్వకు. ప్లేయర్ బాగానే ఉంది.

ఇట్లు,
నీ పెద్దకొడుకు