ఐదు కట్లు ఏడైన సంగతి

సిరిసిల్ల,
మంగళవారం.

చిరంజీవి అల్లుడు జితేందర్‌కు మామ ముత్తయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అత్త రుక్కమ్మ, నవత, మీ బిడ్డ శ్రీజ, అందరం మార్కండేయ స్వామి దయతో బాగున్నాం. మస్కట్ ఎండలో తల మీద తడిగుడ్డ వేసుకొని పని చేస్తున్నావని వెంకటి చెప్పాడు. ఒంట్లో ఎట్లా ఉంటోందో దాచకుండా రాయి.

వెంకటి సెలవు మీద వస్తూ తెచ్చిన నీ చీటీ అందింది. గురువారం తిరిగి అక్కడికి వస్తున్నాడు కాబట్టి ఈ ఉత్తరం, మీ అత్త పెట్టిన నిమ్మకాయ తొక్కు సీసా అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు "బాగున్నవా మామా" అంటావు, నేను "బాగున్న" అంటాను, పక్కన నవత ఉంటుంది, మాట అక్కడికి అయిపోతుంది. శనివారం శనివారం గుడిలో పురాణం చెప్పడానికి మైకు పడితే రెండు గంటలు ఆగని నోరు నాది. ఈ ఒక్క సంగతికి కాగితం కావలసి వచ్చింది.

నాలుగు ప్రశ్నలు అడిగావు. పిల్ల కాళ్ళ సిమెంటు కట్టు ఇంట్లో ఎట్లా తీస్తారు, పిల్ల ఏడుస్తుందా, ఇక ముందు ఏం చేయాలి అన్నవి మూడు. నాలుగోది నీ మాటల్లోనే మళ్ళీ రాస్తున్నాను: "ఐదు కట్లతోని కాళ్ళు సక్కగయితయన్నరు, ఏడెందుకయినయి మామా? నవత తొందరపడి ఒక కట్టు ముందే తీసిందని అమ్మ అంటంది. నవతను అడిగితే అవునని ఫోన్ పెట్టేసింది. మీరు అబద్ధమాడరు, అందుకే మిమ్మల్ని అడుగుతున్న." అది చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. నెల దాటింది, నువ్వు ఫోన్ చేస్తే పిల్లను చూపించమంటావు తప్ప నవతతో రెండు మాటలు మాట్లాడడం లేదు. అది నాకు తెలుసు. దానికి చివర వస్తాను.

కట్టు తీసే సంగతి. ఆ ఏడు కట్ల తరువాత మడమ వెనక చిన్న గాటు పెట్టి వేసిన మూడు వారాల కట్టు, ఆఖరిది, నిన్న సోమవారం తీశాం. జగిత్యాల ఆసుపత్రికి బయలుదేరే పొద్దునే తీయాలి, ముందు తీయకూడదు. పాదం లేత కొమ్మ లాంటిది, వదిలితే పాత వంపుకే పోతుంది. ఐదు గంటలకు లేచి మీ అత్త టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి మోచేయి ముంచి చూసింది. అందులో కొంచెం సిర్కా, అదే వెనిగర్, కలిపింది. నవత పిల్లను ఒళ్ళో పట్టుకొని రెండు కాళ్ళూ తొడల దాకా నీళ్ళలో ఉంచింది. ఇరవై నిమిషాలకు గంజి పట్టిన పోగు నానినట్టు కట్టు మెత్తబడింది. ఇక చుట్టిన పట్టీ కొస వెతికి, వెనక్కి విప్పుకుంటూ రావాలి.

"కత్తెర తేవాల్నా?" అన్నాను.

"నీ పురాణం నువ్వు చదువుకో" అంది మీ అత్త. "ముప్పై ఏండ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టిన. కొస దొరకనోళ్ళకు గద కత్తెర!"

చూడకుండానే గోటితో కొస పట్టింది. మోకాలి మీది నుంచి మడమ దాకా, పొర వెనక పొర, తెల్లని బురద కారుతూ వచ్చేసింది.

రెండో ప్రశ్న. ఏడవదు. నీళ్ళు చల్లబడితే మాత్రం వీధి వీధంతా వినేట్టు అరుస్తుంది, ఆ గొంతు నాదే అంటారు అందరూ. నిన్న కట్టు ఊడగానే కాలు ఝాడించి ఆ సిమెంటు నీళ్ళు నా ముఖం మీదికి చిమ్మింది. "బాపూ, నీ మనవరాలు నీకు కొత్త నామం పెట్టింది" అని నవత నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. ఆ పాదాలను చూశాను అల్లుడా. పుట్టినప్పుడు రెండు అరికాళ్ళు దండం పెట్టుకున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉండేవి. ఇప్పుడు రెండూ నా వైపు చూస్తున్నాయి. తోలు పొట్టు పొట్టుగా లేస్తోంది, పిక్కలు సన్నగా ఉన్నాయి, అయినా పాదాలు చక్కగా ఉన్నాయి.

మూడోది. ఇనుప కడ్డీకి బిగించిన రెండు చిన్న బూట్లు నిన్న తొడిగారు. మూడు నెలలు రోజంతా, స్నానానికి ఒక గంట తప్ప. ఆ తరువాత నాలుగేళ్ళ దాకా నిద్రపోయేటప్పుడు. "బూట్లు తప్పిస్తే మళ్ళ మొదటికే తాతా" అంది డాక్టరమ్మ. నా సంచిలో పురాణం పుస్తకం, ఆ పోతి, ఎప్పుడూ ఉంటుందని నీకు తెలుసు కదా. మొదటి రోజు ఆమె ఒక వేలు ఎముకకు ఆనించి, రెండు వేళ్ళతో పాదాన్ని మెల్లగా జరపడం చూసి, మథురలో గూని మనిషి పాదాల మీద స్వామి తన పాదం ఉంచి, గడ్డం కింద రెండు వేళ్ళతో ఎత్తి నిలబెట్టిన ఘట్టం అక్కడే అందుకున్నాను. వార్డంతా విన్నది. "కథ మంచిగుంది తాతా" అందామె, "గని స్వామికి ఒక్కసారి సరిపోయింది, మాకు ఐదు వారాలు పడుతది."

ఐదు వారాలు. ఇక నాలుగో ప్రశ్న.

పోతి మీద ఎడమ చెయ్యి పెట్టి కుడి చేత్తో రాస్తున్నాను. ఆ కట్టు నవత తీయలేదు. నేను తీశాను.

రెండో కట్టు వేసింది సోమవారం. పిల్లను ఉయ్యాల్లో వేసే ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ శుక్రవారం. కోరుట్ల నుంచి మీ వాళ్ళు పదిహేను మంది వస్తున్నారు, వాడకట్టంతా వస్తోంది. పాదాల సంగతి బయటివాళ్ళలో మీ అమ్మ కిష్టవ్వ ఒక్కతికే తెలుసు. పన్నెండేళ్ళుగా నేను మైకులో ఏమని గర్జించాను? "కడుపుతోని ఉన్నామె గ్రహణం నాడు గడప దాటితే బిడ్డ వంకర పుడతది!" ఒక శనివారం వెనక వరుసలో పెదవి చీలిన మనవణ్ణి ఎత్తుకొని మా వాడకట్టు సారక్క కూర్చుంటే ఆమె వైపు వేలు చూపించాను కూడా. ఆమె లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ గుడికి రాలేదు. నవత కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వస్తే పట్టు నుంచి విడుపు దాకా నేనే గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అయినా పిల్ల అట్లానే పుట్టింది. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది! రాలేదు. ఈ కట్లు చూస్తే జనం నా పురాణాన్ని ఏమంటారన్న భయం వచ్చింది.

గురువారం సాయంత్రం నీళ్ళు కాచి తెమ్మన్నాను. "సోమవారం పొద్దుగాల్నే తియ్యాలన్నరు బాపూ" అంది నవత. "తొట్టెల నాడు బిడ్డ కాళ్ళు కడగాలె, శాస్త్రం! నాకు తెల్వదా?" అని ఉరిమాను. అట్లాంటి శాస్త్రం లేదు. తరువాత పోతి మొత్తం తిరగేశాను, ఎక్కడా లేదు. నా చేతులతోనే కట్లు విప్పి, పాదాలకు పట్టుగుడ్డ చుట్టాను. "కట్లేవి అన్నా?" అని మీ అమ్మ అడిగితే, "తీసే వారమే" అన్నాను. అందరూ దీవించి, భోజనాలు చేసి వెళ్ళారు. మరుసటి రోజు సాయంత్రం గుడిలో సత్యం గురించి రెండు గంటలు చెప్పాను.

సోమవారానికి పాదాలు మళ్ళీ లోపలికి తిరిగాయి. జగిత్యాలకు మీ అమ్మ కూడా వచ్చింది. "ఎవలు తీసిండ్రు దీన్ని?" అని డాక్టరమ్మ అడిగింది. నేను తల వంచి సంచిలో పోతి వెతుకుతున్నట్టు నటించాను. నవత నా వైపు ఒకసారి చూసి, "నేనే మేడం" అంది. మీ అమ్మ విన్నది, నీకు చెప్పింది, ఆమె తప్పేమీ లేదు. నా పరువు కోసం నా బిడ్డ నీ దగ్గర తన పరువు పోగొట్టుకుంది. నా మూలంగా మొదటి రెండు కట్లు వృథా అయి, నీ బిడ్డ మరో పద్నాలుగు రోజులు ఆ బరువు మోసింది.

నిన్న బూట్లు తొడిగించాక వాళ్ళను వేములవాడ మీదుగా ఇంటికి పోయే బస్సెక్కించి, నేను కోరుట్ల బస్సెక్కాను. మీ అమ్మ ముందు కూర్చొని అంతా చెప్పాను. అంతా విని ఆమె అంది:

"మందికి నీతులు చెప్పెటోనివి, ఇన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవన్నా? ఛాయ్ తాగు ముందు. తాగినంక తిడత."

తాగాను. తిట్టింది. బస్సు దాకా తోడు కూడా వచ్చింది. "నవతకు నేను ఫోన్ చేస్త, గని పోరనికి నువ్వే చెప్పాలె" అంది. సారక్క ఇంటికి ఈ పొద్దున వెళ్ళాను. తలుపు తీయలేదు. రేపు మళ్ళీ వెళ్తాను. శనివారం మైకు పట్టుకున్నప్పుడు మొదటి మాట నా ఈ తప్పు గురించే.

నన్ను క్షమించమని అడగను. నువ్వు ఎంత కోపంగా రాసినా చదువుతాను. ఈ ఉత్తరం సంగతి నవతకు తెలియదు. ఇది అందిన మర్నాడు ఆమెకు ఫోన్ చెయ్యి. తీసింది ఎవరని మళ్ళీ అడగకు, పిల్ల పాదాలు చూపించమను. రోజూ పొద్దున ఏడు గంటలకు బూట్లు విప్పి స్నానం చేయిస్తారు, మీకు అప్పుడు ఐదున్నర. ఆ గంటలోనే పాదాలు బయట ఉంటాయి. పిల్లను పట్టుకునేది నవతే కాబట్టి ఫోన్ నేను పట్టుకుంటాను. నోరు మాత్రం తెరవను.

ఇట్లు,
మీ ముగ్గురికీ బాకీపడ్డ
మామ ముత్తయ్య