పోపుకు వచ్చిన ఫైరింజన్

ఏమండీ,

మీరు పోయి ఏడాది నిండింది. మీ హ్యామ్ రేడియోను క్లబ్బు వాళ్లకు ఇచ్చేద్దామని తుడిచి, పనిచేస్తోందో లేదో చూద్దామని వంటింట్లో ఆన్ చేశాను. మీరు రోజూ వినే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఛానలే వచ్చింది. చలికి కిటికీలన్నీ మూసి పోపు పెట్టానేమో, మిరపకాయలు మాడి బిల్డింగ్ అలారం మోగింది. చేతిలో ఆ చిన్న రేడియోతోనే మెట్లు దిగాను. అందులో మన అడ్రస్ చెబుతున్నారు.

"వదినా, ఈ దేశంల పోపుకే ఫైరింజన్ వచ్చింది. బూరెలు వండితే హెలికాప్టర్ వస్తదేమో!" అంది పక్కింటి లావణ్య.

పైకి వెళ్లి చూసొచ్చిన ఆఫీసరు, ఇంట్లో ఎంతమందని అడిగాడు. చెప్పాను.

"వంట పొగే. ఇంట్లో ఉండేది ఒక్కరే. క్షేమం" అని అతను తన వాకీటాకీలో చెబుతుంటే నా చేతిలోని రేడియోలోనూ వినిపించింది.

ఎవరింట్లోనైనా క్షేమమని విన్నాకే మీరు కాఫీ తాగేవారు. పైకొచ్చి కాఫీ పెట్టుకున్నాను. రేడియో ఇంకా ఆపలేదు.