ఐదున్నరకు వదిలే బడి

8 ఆగస్టు 1983, సోమవారం

మా పిల్ల సరోజ ఈరోజూ చీకటి పడ్డాకే బస్సు దిగింది. హోసూరులో బడి వదిలేది ఇప్పుడు ఐదున్నరకు. మా కెలమంగలానికి బస్సు ఐదుకు, అది తప్పితే ఏడుకు. నాలుగుకు వదిలే బడిని ఐదున్నరకు మార్చేముందు ఒక్క తల్లినీ తండ్రినీ అడగలేదు. మా ఆయన పట్టుపురుగులకు ఆకు తరుగుతూనే తీర్పు చెప్పేశాడు — "పొద్దు గుంకినాక ఆడబిడ్డ బస్టాండులో నిలబడల్లనా? రెండు వారాలు చూస్తా. ఆమీద బడీ లేదు, గిడీ లేదు."

తొమ్మిదో క్లాసు. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు. నన్నూ ఇట్లాగే ఆరో క్లాసులో నిలిపారు...

9, మంగళవారం

కరస్పాండెంటును కలిశాను. బడి ఆయనది, మాటా ఆయనదే. కుర్చీ చూపించలేదు. "ఫీజు కట్టేది మీ పనమ్మా, బడి నడిపేది నా పని." ఊరుకుంటానా — "బిడ్డల్ని కనింది గూడా మా పనే కదా సార్!" గుమాస్తా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు వచ్చింది, పని కాలేదు.

12, శుక్రవారం

అర్జీ నేనే రాశాను. బడి నాలుగుకు వదలాలి. కమిటీలో తల్లిదండ్రుల తరపున ఒకరు కూర్చోవాలి. అంతే. సంతకాల దగ్గర వచ్చింది తంటా — మొదటి పేరు ఎవరూ పెట్టరు. రత్నమ్మ — వాళ్ళ పిల్లా సరోజా ఒకే బెంచీ — మెల్లగా అంది: "ముందుండే పేరు ఎవురిదో వాళ్ళ బిడ్డకే కదమ్మా టీసీ ఇచ్చేది?"

చెంబు బోర్లించి కాగితం మీద గుండ్రంగా గీత గీశాను. దాని చుట్టూ పెట్టండి, మొదలు ఎక్కడో ఆయన్నే వెతుక్కోమనండి అన్నాను. అప్పుడు కదిలారు. సంతకాలు, వేలిముద్రలు కలిపి పంతొమ్మిది. ఇంటికి తెచ్చి చూస్తే ఒకచోట బోసిగా ఉంది. చెయ్యి ఊరుకోదు నాకు. కాదు, కాలు. ఎడమకాలి బొటనవేలికి సిరా పూసి అద్ది, పక్కన 'మునిలక్ష్మి' అని లేని మనిషి పేరు రాశాను. ఒక్కదాన్నే పడీపడీ నవ్వుకున్నాను.

15, సోమవారం

జెండా పండగ. ముందు వరసలో ఊరి పెద్దలు. వాళ్ళ ఎదుటే, మిఠాయి పంచుతున్న కరస్పాండెంటు చేతిలో అర్జీ పెట్టాను. నవ్వుతూ తీసుకున్నాడు — పెదవులతో మాత్రమే. "ఆదివారం రండి, మాట్లాడదాం."

17, బుధవారం

పేర్లన్నీ రిజిస్టరుతో సరిచూస్తున్నారట. మునిలక్ష్మి ఎవరి అమ్మ అని క్లాసు క్లాసుకూ వచ్చి అడిగారట. సరోజ వచ్చి చెప్పింది.

18, గురువారం

రత్నమ్మతో ఉన్నది చెప్పేశాను. "నీ తమాషాకు మా బిడ్డలే దొరికినారా?" తలుపు వేసుకుంది.

20, శనివారం

మా ఆయన: "సోమవారంతో సరి." అంతే.

21, ఆదివారం

బడిలో అందరి ముందూ కరస్పాండెంటు అర్జీ ఎత్తి చూపించాడు. "మునిలక్ష్మి ఎవరు?" ఎవరూ కదల్లేదు. "ఒకటి దొంగదయితే అన్నీ దొంగవే." చింపబోయాడు.

లేచాను. "అది నా ఎడమకాలు సార్. తప్పు నాది. దాన్ని కొట్టేయండి, వీళ్ళను కాదు."

ఎవరూ నవ్వలేదు. నా తమాషాకు జనం నవ్వకపోవడం ఇదే మొదలు.

అప్పుడు టైలర్ నాగప్ప లేచాడు. ఇద్దరు పిల్లలు అక్కడే చదువుతున్నారు, బడి యూనిఫాంలు కుట్టేదీ అతనే. లేస్తే ఆ చదువూ, ఈ పనీ రెండూ పోతాయి. అయినా — "ఆ కాలు తీసేయండి సార్. మిగతా పంతొమ్మిది మందిమీ ఈడనే ఉండాము. మొహాలు చూసుకోండి." ఒక్కొక్కరే లేచారు. రత్నమ్మ ఆఖరున.

కరస్పాండెంటు కళ్ళద్దాలు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. "సరే. కమిటీలోకి ఒకరు. ఎవరు?"

అందరూ నేల చూపులు. రత్నమ్మే అంది: "కాలితో ముద్ర వేసే గుండె ఇంకెవురికుండాది? దాన్నే పంపండి." ఇప్పుడు నవ్వారు.

ఆయన నవ్వలేదు. "కమిటీ వచ్చే నెల మొదటి శనివారం. టైము సంగతి అప్పుడే. అంతవరకు ఐదున్నరే. ఇంకొకటమ్మా — బిడ్డ బడిలో ఉంటేనే తల్లికి చోటు."

22, సోమవారం

నిన్న వచ్చీ రాగానే మా ఆయనకు అంతా చెప్పాను. కమిటీ కూర్చునే ఆ శనివారం దాకా ఆగమన్నాను. విని, ఆకు తరగడానికి కూర్చున్నాడు.

ఇప్పుడే... సరోజ జడలు వేసుకుని, సంచి తగిలించుకుని నిలబడింది. "నాయనా, పోనా?" ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పద, నేనూ వస్తా హోసూరుకు."

తోడుకా, పేరు తీసేయించడానికా? నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు.