కిరందుల్ గదిలో సొరచేపలు

ఆగస్టు 2
ఇవాళ మూడో సినిమా. రబ్బరు సొర. తోక దగ్గర కుట్టు కనిపిస్తోంది. అదే రెక్క, అదే నురగ... ఒకే ముక్కను నాలుగుసార్లు తిప్పి వేశారు. బంగారు జుట్టు అమ్మాయికి తెలుగు డబ్బింగులో అచ్చం మా శ్రీకాకుళం టీచరమ్మ గొంతు. "వద్దు జానీ, నీళ్ళలో ఏదో ఉంది!" ఉంది మరి. పోస్టరు మీదే ఉంది.

మధ్యాహ్నం అమ్మ ఫోను. వెనక కేకలు వినేసింది.

"ఏటే ఆ అరుపులు?"

"సినిమా. సొరచేప మనుషుల్ని తింటోంది."

"మనం దాన్ని పుట్టు చేసుకుని తింటాం. దాన్ని చూసి నీకు బయమేటే?"

నవ్వాను. ఆరు రోజుల తర్వాత మొదటి నవ్వు. కళింగపట్నంలో ఇంటి వెనకే సముద్రం పెట్టుకుని పెరిగినదాన్ని. ఇక్కడ, ఎర్ర కొండల కింద, రైల్వే క్వార్టర్లో తలుపు వేసుకుని రబ్బరు బొమ్మకు జడుస్తున్నాను. జడుస్తాను. నా రెస్టు, నా ఫోను.

ఆగస్టు 3
పక్కింటి భీమక్క వచ్చింది. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి, తెల్లచీరతోనే. ఎర్రబోరు అనే అడవి ఊరి మనిషి. సముద్రం చూడలేదు. పది నిమిషాలు నిలబడి చూసింది, తర్వాత మంచం మీద కూర్చుంది, ఆ తర్వాత నా దుప్పటి లాక్కుంది.

"ఏంది పిల్లా, గంత మందిని తిన్నంక మళ్ళ గా నీళ్లల్లనే దిగుతున్నరు?"

"దిగకపోతే సినిమా లేదక్కా."

"మా దిక్కు మొసలి కనపడ్డదంటే ఆర్నెల్లు ఆ రేవుకు పోం."

సొరను చూసి పకపకా నవ్వింది. రెక్క పైకి లేచిన ప్రతిసారీ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. అదీ వీటి గొప్ప. బొమ్మ అని కంటికి తెలుసు, గుండెకి ఎంత చెప్పినా వినదు.

ఆగస్టు 4
రాయాలి. ఎవరికీ చెప్పనిది, ఇక్కడైనా.

జూలై 27. ఇనుపరాయి లోడుతో ఘాట్ దిగుతున్నాం. మధ్యాహ్నం, వాన. డ్రైవరు సన్యాసిరావు గారు. అసిస్టెంట్ డ్రైవరు నేను. మలుపు తిరగగానే పట్టాల మీద కొండరాయి. గదంత ఉంది. ఆయన బ్రేకు వేశారు. బండి అరుచుకుంటూ, జారుకుంటూ... ఆగింది. రాయికీ ఇంజినుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా.

రాయి పక్క లైను మీదికి కూడా ఒరిగింది. ఆ లైనులో ఎదురుగా ఖాళీ బండి వస్తోంది. వాకీటాకీలో గురగుర తప్ప మాట లేదు. అలాంటప్పుడు అసిస్టెంట్ దిగాలి. ఎర్రజెండా, పట్టాల మీద పెట్టే పటాకాలు పట్టుకుని ఎదురు పరిగెత్తాలి. ట్రైనింగులో ఆ పరుగులో నేనే ఫస్టు.

దిగలేదు.

తలుపు తీశాను. మెట్టు మీద కాలు పెట్టాను. చెయ్యి కడ్డీని వదల్లేదు. "నీలవేణీ, దిగు!" వింటూనే ఉన్నాను. చెయ్యి నాది కానట్టు ఉంది.

ఆయనే బ్రేకులన్నీ బిగించి, నన్ను పక్కకు జరిపి, దిగారు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. రెండు మోకాళ్ళకూ పట్టీలు. వానలో జెండా ఊపుకుంటూ ఆయన పరిగెత్తడం అద్దంలోంచి చూశాను. ఎదుటి బండి ఆగింది.

తిరిగొచ్చి, తడిచేతులతో రిపోర్టు రాశారు. అసిస్టెంట్ దిగి పరిగెత్తింది, అని.

ఆగస్టు 6
డ్యూటీ ఎక్కడానికి లాబీకి, మా డ్రైవర్లు హాజరు వేయించుకునే ఆఫీసుకి, వెళ్తే పెద్దసారు లేచి నిలబడ్డారు. "బేటీ, తూనే తో కమాల్ కర్ దియా!" అద్భుతం చేశానట. పదిహేనో తారీకున జెండా దగ్గర శాలువా కప్పుతారట. అప్పటిదాకా రెస్టేనట. ఫోటో తీశారు. చప్పట్లు కొట్టారు. నేను నోరు విప్పలేదు.

బిగుసుకుపోవడం ఇది రెండోసారి.

ఆగస్టు 7
అన్నం సయించలేదు. సినిమాలు రెండు.

ఆగస్టు 9
సన్యాసిరావు గారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే వాళ్ళావిడ వరహాలమ్మ గారు నా చేతులు పట్టుకున్నారు. "జింకలాగ పరిగెట్టేవంటగదమ్మా! మా ఆయన చెప్పేరు." ఆయన తల ఎత్తలేదు. మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

పెరట్లోకి పిలిచి అడిగాను, ఎందుకలా రాశారని.

"నువ్వు దిగలేదని రాస్తే నీ ఉద్యోగానికి దెబ్బ. ఘాట్‌లో లోడు బండి పెట్టుకుని నేను ఇంజిను వదిలి దిగేనని రాస్తే నాకు దెబ్బ. డ్రైవరు ఇంజిను వదలకూడదు, నీకు తెలీదేటి? జనవరిలో రిటైరవుతాను. వెళ్ళి ఆ శాలువా కప్పించుకో."

"ఇంట్లో కూడా చెప్పలేదు మీరు."

నూనె చేతులు పంచెకి తుడుచుకున్నారు. తర్వాత, నాతో కాదన్నట్టు, "ముప్ఫై ఆరేళ్ళు కూర్చునే బండి నడిపేను. ఒక్కసారి పరిగెత్తేను..."

లోపలికి వెళ్ళిపోయారు.

ఆగస్టు 10
ప్రతి సినిమాలోనూ ఒక అమ్మాయి ఉంటుంది. పడవ అంచున నిలబడిపోతుంది. అందరూ దూకుతారు, అరుస్తారు. ఆమె కదలదు. సొర వస్తుంది. అయిపోయింది. ఆమె ఎందుకు కదల్లేదో ఎవరూ అడగరు. తర్వాతి సీనుకి పేరు కూడా మరిచిపోతారు.

ఇవాళ భీమక్క ఫోను మీద పడి కేకేసింది. "కదలవేందే! దుంకు!"

ఏడ్చేశాను. మొత్తం చెప్పేశాను. ఘాట్, రాయి, కడ్డీ.

ఫోను ఆపింది. ఓదార్చలేదు. "మొదటి కాన్పు జేసిననాడు రక్తం జూసి నా చేతులు గట్లనే ఆగినయ్. మా సిస్టరు లాగి కొట్టింది. గప్పుడు కదిలినయ్."

"తర్వాత?"

"తర్వాత మళ్ళ ఆగినయ్. మళ్ళ కదిలినయ్. ఏంది, ఒక్కసారితోని అయిపోతదనుకున్నవా?"

ఆమె వెళ్ళాక మళ్ళీ పెట్టాను. రెక్క కనిపించగానే నా పిడికిలి బిగుసుకుంటుంది. సొర ఇంకా నీళ్ళలో ఉండగానే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాలి. బొటనవేలు ఆఖరున వస్తుంది. మొన్నటికంటే ఇవాళ తొందరగా వచ్చింది.

పనికిమాలిన సినిమాలంటారు లాబీలో. అననీ. కోట్లు పోసి తీసినవి నాకొద్దు. వాటిలో నీళ్ళు నిజం నీళ్ళలాగే మింగేస్తాయి. వీటిలో మధ్యలో తాడు కనిపిస్తుంది, రంగు ఊడుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి సందు దొరుకుతుంది. ఆ సందు నాకు కావాలి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

ఆగస్టు 12
మళ్ళీ సన్యాసిరావు గారి దగ్గరికి. శాలువా తీసుకోనని చెప్పాను. ఎందుకో రాసిస్తానని కూడా.

"నన్ను ముంచుతావేటి?"

"మీ పేరు లేకుండా రాస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఆ రెండో బండిని ఆపింది మీరు."

"నేనడిగేనా నిన్ను?"

తలుపు వేసేశారు. ఆయన కోపం న్యాయమే. నాదీ న్యాయమే.

ఆగస్టు 13
హిందీలో అర్జీ రాశాను. మూడుసార్లు చింపాను. నాలుగోది బాగుంది. "మైఁ నహీఁ ఉతరీ." నేను దిగలేదు. అంతకంటే చిన్న వాక్యం ఏ భాషలోనూ దొరకలేదు. సంచిలో పెట్టుకుని లాబీ దాకా వెళ్ళి, అలాగే తిరిగొచ్చాను. ఆయన రిటైర్మెంటు కళ్ళ ముందు ఆడుతోంది.

ఆగస్టు 14
పొద్దున్నే తలుపు తట్టారు. సన్యాసిరావు గారు, పక్కన వరహాలమ్మ గారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి చెప్పేరమ్మా. ఆ మోకాళ్ళతో... ఈ మనిషేనా పరిగెట్టింది?" అని ఆయన్నే చూస్తున్నారు, కొత్తగా చూస్తున్నట్టు. "రాయనీ అన్నాను. ఏటయితే అదవుతాది."

ఆయన జేబులోంచి కాగితం తీశారు. తనూ రాశారు. రెండూ కలిపి లాబీలో ఇచ్చాం. పెద్దసారు చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు. ఈసారి బేటీ అనలేదు.

ఆగస్టు 15
జెండా వందనం. శాలువా లేదు. వెనక వరసలో నిలబడ్డాను. ఎవరో గట్టిగానే అన్నారు, ఆడవాళ్ళకి ఇంజిను ఇస్తే ఇంతేనని. వెనక్కి తిరిగాను.

"మొదటిసారి ఘాట్ ఎక్కినప్పుడు నీకేమయిందో చెప్పు. అందరిముందూ చెప్పు. నేను చెప్పాను."

 ఒకాయన బూంది పొట్లం నా చేతిలో పెట్టి పక్కకు వెళ్ళిపోయాడు.

ఆగస్టు 18
ఎంక్వయిరీకి జగదల్‌పూర్. బస్సులో ఆయనా నేనూ ఒకే సీటు. దంతెవాడలో బస్సు ఆగింది. అక్కడ టీ తాగాం. ఆయనే తెచ్చారు.

ముందు ఆయన్ని పిలిచారు. గంట. తర్వాత నన్ను. ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో ఉన్నాయన ఫైలు మూసి అడిగారు. మళ్ళీ ఇలాంటిది జరిగితే భయపడనని రాసివ్వగలవా?

"రాయలేను సార్. భయపడతానని రాస్తాను. దిగుతానని కూడా రాస్తాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితం ఎవరూ ఇవ్వలేదు. "బాహర్ బైఠియే."

బయట బెంచీ మీద సన్యాసిరావు గారు.

"ఏటన్నావు?"

చెప్పాను.

"వాళ్ళేటన్నారు?"

"బయట కూర్చోమన్నారు."

"నన్నూ అదే అన్నారు," అని కొంచెం జరిగారు.

ఆగస్టు 21
ఆయనకీ కబురు లేదు, నాకూ లేదు. లాబీ బోర్డులో నా పేరు ఎదురుగా ఖాళీ. పొద్దున లాబీ గుమాస్తాకి ఫోను చేశాను.

"నీలవేణి, అసిస్టెంట్. డ్యూటీకి రెడీ."

"ఆర్డర్ నహీఁ ఆయా, మేడమ్." ఆర్డరు రాలేదట.

"రెడీ అని రాసుకోండి."

రాసుకున్నాడో లేదో. సాయంత్రం మళ్ళీ చేశాను. అదే జవాబు. "ఎన్నిసార్లు చేస్తారు మేడమ్?" అన్నాడు, విసుక్కుంటూనే.

రాసుకునేదాకా, అన్నాను.