సుశీల్ కుమార్ బండి గొట్టం తీయవద్దని జకరయ్య విన్నపం

మోటారు వాహనాల తనిఖీ అధికారి వారి సముఖమునకు, విడవలూరు మండల వాసి, పికప్పు బండి సొంతదారుడు జకరయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా చెల్లెలి భర్త సుశీల్ కుమార్ పికప్పు బండికి బిగించిన మోత సైలెన్సరును స్వాధీనపరచుకొనకుండా వదిలివేయుట గురించి.

1. మా ఊరి రొయ్యల గుంటల దగ్గర, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున నిండు లోడుతో గట్టు మిట్టను ఆగకుండా ఎక్కిన బండికే ఆ గుంట సరుకంతా ఇచ్చుట ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఆ సరుకు సుశీల్ బండిదే. నా బండి సగంలో నిలబడి దగ్గి, ఆపైన ఎక్కేది. అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం సంఘంలో సుశీల్ సాక్ష్యం చెప్పడానికి లేచి, తన ఇంజనుకు బలమిచ్చినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించి, "మా బావ బండి మీద కూడా కాస్త దయ చూపు తండ్రీ" అని కన్నీళ్లతో ప్రార్థించినాడు. సంఘమంతా ఆమేన్ అన్నది. నేనూ అనవలసి వచ్చినది.

2. తదుపరి సదరు సుశీల్ కుమార్ ఇంకా బలం కావాలని ఆశపడి, కంపెనీ సైలెన్సరు పీకించి లావుపాటి గొట్టం పెట్టించబోయినాడు. మెకానిక్కు అల్లాబక్షు వద్దన్నాడు. "ఇది హైవేలో ఖాళీ బండికి పనికొస్తాదన్నా. లోడుతో మిట్టెక్కేటప్పుడు ఇంజను నిదానంగా తిరుగుతాది. లావు గొట్టంలో పొగకు వేగముండదు, లాగుడు పడిపోతాది. మోతే బలం అనుకోబాక" అని నా ఎదుటే చెప్పినాడు. సుశీల్ నా వైపు చూసినాడు. "సింహంలా ఉంది, పెట్టించుకో" అన్నాను.

3. మొరిగే కుక్క కరవదన్నారు. నాటి నుండి ఆ బండి ఊరంతా వినబడేట్టు అరిచి, మిట్ట మధ్యకు వచ్చి వెనక్కు జారుతున్నది. నా బండి ఆగి ఆగి అయినా పైకి చేరుతున్నందున సరుకంతా నాకే వస్తున్నది. అతడు పంతం కొద్దీ గొట్టాన్ని ఒక్క మాట అనడు, ఇంజను ఆయిలును తిడతాడు.

4. అతనికి కూలిమనిషిని పెట్టుకునే శక్తి పోయినందున, అడ్డు చెక్క పట్టుకొని ఆ బండి వెనకే నా చెల్లెలు కెజియా నడుస్తున్నది. బండి జారినప్పుడల్లా చక్రం కింద చెక్క వేయుట ఆమె పని. ఈ సంగతి అర్జీకి సంబంధించినది కాదు.

5. వచ్చే సోమవారం తమరు మోత సైలెన్సర్లు ఊడబీకించి పాత గొట్టాలు పెట్టిస్తారని మైకులో చెప్పినారు. అదే జరిగితే అతని బండి మళ్లీ మిట్ట ఎక్కును, నా నోటి కూడు పోవును. చట్టమంటే నాకు గౌరవమే. ఊరిలోని తక్కిన బండ్లన్నిటికీ అమలు చేయండి.

కావున ఆ ఒక్క గొట్టం జోలికి పోవద్దని చేతులెత్తి వేడుకొనుచున్న నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జకరయ్య

తా.క.: పైది రాసి ముగించిన పూటే ఆ బండి జారింది. కెజియా వేసిన చెక్క పక్కకు తప్పుకుని, ఆమె కుడి పాదం చక్రం కింద నలిగింది. మిట్ట ఎక్కగలిగిన బండి నాదొక్కటే కనుక నేనే ఆసుపత్రికి తెచ్చినాను. పాదం తీసేయాలన్నారు. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వు అర్జీలు బాగా రాస్తావు గదా. మా గొట్టం ఊడబీకమని ఆఫీసరుకు ఒక కాగితం రాయి. ఈయన నా మాట ఇనడు" అన్నది. రాస్తానన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయినాను. బయట బల్ల మీద కూర్చుని కొత్త కాగితం మీద "అయ్యా" వరకు రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. రేపు పెద్ద గుంటలో పట్టుబడి ఉంది. పైన రాసిన అర్జీనే పంపుతున్నాను.