నాన్న పులియబెట్టిన వైన్

రేఖా,

టపా ఆగిపోయింది, ఈ ఉత్తరం నీకు చేరదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను: నువ్వంటే నాకు కుళ్లు.

ఇరాక్ సైన్యం ఈ దేశంలోకి చొరబడకముందు, మన బడి సెలవుల్లో ఇటలీ నుంచి నీ కార్డు వచ్చింది. సముద్రం పక్కన చేపలు తిన్నావట, మీ డాడీ గ్లాసులోంచి గుక్కెడు వైన్ తాగావట. ఇక్కడ ఖైతాన్ పేటలో మాకు రోజూ పప్పూ, ఎండిన ఖుబూస్ రొట్టే.

ఇవాళ సైనికులు మా బిల్డింగ్ సోదా చేశారు. నాన్న ద్రాక్షరసంలో ఈస్ట్ వేసి బాత్‌రూంలో పులియబెట్టిన వైన్ గుర్తొచ్చి, మద్యం నిషేధమున్న చోట అది దొరికితే జైలేనని అమ్మ నన్ను తొందరపెట్టింది.

"మేయ్, బిన్నా పారబోయ్! మెట్లెక్కతాండారు."

పారబోస్తూ దొంగతనంగా ఒక గుక్క తాగాను. తలుపు తీశాక, వాసన పసిగడతారేమోనని ఊపిరి బిగబట్టి అమ్మ వెనక నిలబడ్డాను. వాళ్లు వెళ్లిపోయినా నోట్లో పులుపు పోలేదు.

నువ్వు తాగిన వైన్ ఎలా ఉందో కార్డులో రాయలేదు. అదీ ఇంత పుల్లగానే ఉండాలని మొక్కుకున్నాను.