కాళ్లు మరిచిన మగ్గం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. అన్నకు లారీ లైసెన్సు వచ్చింది.

లైసెన్సు తెస్తేనే పని ఇస్తానని లారీ సేటు చెప్పాడు. ఇంగ్లీషులో ఉన్న రూల్సు పుస్తకం నేనే తెలుగులో చదివి చెప్పాను. చిక్కంతా కాళ్లతోనే. బండి ఆపాలంటే క్లచ్చూ బ్రేకూ కలిపి తొక్కాలి. అన్న కాళ్లేమో మగ్గం మీద ఉన్నట్టే, ఒకటి దిగితే ఒకటి లేచేవి.

"ఇన్నేండ్లు బాపు నేర్పిన కాళ్లు చెల్లె, నా మాట ఇంటలేవు" అన్నాడు.

రోజూ క్లచ్చూ బ్రేకూ అని రెండు ఇటుకలు ముందు పెట్టి అన్నను కూర్చోబెట్టాను. "ఆపు!" అని అరిచేదాన్ని. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు.

"కాన్వెంటుల గిదేనా నేర్పింది? వాడకట్టంత ఆగుతది!" అని అవ్వ నవ్వేది.

నిన్న కరీంనగర్‌లో ఇన్‌స్పెక్టర్ పరీక్షలో ఆపమనగానే లారీ మెత్తగా ఆగిందట.

ఈ పొద్దున నువ్వు సగంలో వదిలిన చీర నేద్దామని అన్న మగ్గం మీద కూర్చున్నాడు. రెండు కాళ్లూ ఒకేసారి తొక్కాడు. దారాలు విడలేదు, వాటి నడుమ అటూ ఇటూ పరిగెత్తే నాడె మధ్యలో చిక్కుకుంది.

"ఒక్క కాలుర కొడుకా, ఒక్క కాలు" అని నువ్వు కసిరే చోటది. అన్న నాడె తీయలేదు.